రెండో సీసా లెక్క: గానుగ షాపుతో మూడేళ్లు

ముందే చెప్పేస్తాను. ఈ షాపు నుంచి నాకు నెలనెలా డబ్బులు వస్తాయి. మూడేళ్లుగా వస్తున్నాయి. అందుకే షాపు పేరు ఇక్కడ రాయట్లేదు. పేరు రాస్తే ఇది కూడా యాడ్ అయిపోతుంది. ఈ రాతకు వాళ్లు నాకేమీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. వాళ్ల పల్లి నూనె ఎలా ఉందో చెప్తాను. అంతకంటే ఎక్కువగా, ఆ నూనె అమ్మే అన్నా వదినా నాలాంటి చిన్న యూట్యూబ్ ఛానెల్‌తో ఎలా పనిచేస్తారో చెప్పాలని ఉంది. ఎందుకంటే వాళ్లకు ముందు నేను బ్రాండ్‌లతో చేసిన కొలాబ్‌లలో ఒక్కటీ రెండో వీడియో దాకా రాలేదు.

మాది మహబూబ్‌నగర్. ఇంట్లో వంటగదిలోనే వీడియోలు తీస్తాను. జొన్న రొట్టె, పచ్చిపులుసు, పల్లి పొడి, మక్క గారెలు, సంక్రాంతికి సకినాలు, ఎండాకాలంలో మామిడికాయ తొక్కు. సబ్‌స్క్రైబర్లు 38 వేల మంది. చూసేవాళ్లలో చాలామంది పాలమూరు నుంచి పనికోసం హైదరాబాద్‌కో, పుణెకో, ముంబైకో పోయి అక్కడే ఉండిపోయినవాళ్లు. "అక్కా, మా అమ్మ చేసినట్టే ఉంది" అని కామెంట్ పెట్టేది వాళ్లే. వాళ్లకు ఒక వస్తువు కొనమని చెప్పేముందు నాకు నిజంగా టెన్షన్ పడుతుంది. రోజంతా కష్టపడి సంపాదించిన డబ్బు కదా అది.

2022 డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి ఒక ఏజెన్సీ మెసేజ్ పెట్టింది. ఒక ఓవెన్ పంపిస్తామన్నారు, దాంతో పాటు ఐదు వేలు ఇస్తామన్నారు. ఓవెన్ ధర 23,500. నాకు అప్పట్లో అది చాలా పెద్ద మాట. సంతోషంగా ఒప్పుకున్నాను. పెట్టె వచ్చిన రోజే స్క్రిప్ట్ కూడా వచ్చింది. మొదటి లైన్ "నేను ఆరు నెలలుగా ఈ ఓవెన్ వాడుతున్నాను". పొద్దున పదింటికి పెట్టె టేపు కోశాను, పదకొండింటికి ఆరు నెలల అనుభవం చెప్పమంటున్నారు. నేను చెప్పనన్నాను. "వాడి చూశాను" అని మార్చారు. ఇంకో మూడుసార్లు మార్పులు అడిగారు. చివరికి వీడియో మీద యాడ్ అని రాయొద్దన్నారు, రాస్తే వ్యూస్ తగ్గుతాయట. నేను రాశాను. దానికి వాళ్లకు కోపం వచ్చింది.

ఆ ఐదు వేలు ఎనిమిదో నెలలో పడ్డాయి. ఈలోపు మా ఆడిటర్ ఇంకో విషయం చెప్పాడు. 2022 జూలై 1 నుంచి 194ఆర్ అనే సెక్షన్ వచ్చింది, ఇలా వ్యాపారంలో వచ్చిన వస్తువుల విలువ ఏడాదికి 20 వేలు దాటితే పది శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, లెక్క ఉంటుంది. వస్తువు మనం ఉంచుకుంటే అది మన ఆదాయం కిందికే వస్తుంది, తిరిగి పంపించేస్తే రాదు. ఫ్రీగా వచ్చిందనుకున్న ఓవెన్ ఫ్రీ కాదని నాకు అప్పుడు తెలిసింది. ఇవన్నీ సరే, మర్చిపోయేదాన్నే. కానీ వనపర్తి నుంచి ఒకావిడ కామెంట్ పెట్టింది. ఓవెన్ డోర్ పట్టుకునే చోట కాలుతోంది అక్కా, ఏం చేయాలి అని. ఏజెన్సీని అడిగాను. మెసేజ్ చూశారు, జవాబు లేదు. వాళ్ల క్యాంపెయిన్ అయిపోయింది. ఆమె మాత్రం నన్ను నమ్మి కొన్నది. ఆ ఓవెన్ కంపెనీకి ఒక్క వీడియో కావాలి, వనపర్తి ఆవిడకు ఒక అక్క కావాలి. మధ్యలో నేను ఇరుక్కున్నాను.

అలాంటి సమయంలో, 2023 ఫిబ్రవరిలో గానుగ షాపుకు పోయాను. కొలాబ్ కోసం కాదు, నూనె కోసమే. అప్పటికి ఏడాదిగా అక్కడే కొంటున్నాను. షాపు జడ్చర్ల పోయే దారిలో ఉంటుంది. ముందర రెండు రేకుల గదులు, వెనకాల మోటారు మీద నడిచే రెండు చెక్క గానుగలు. పోయేసరికి కొత్త పల్లీల సీజన్. మా వైపు పల్లి ఎక్కువగా యాసంగి పంట. వానాకాలం అయిపోయే సమయంలో వేస్తే జనవరి నుంచి మార్చి దాకా పీకుతారు. బాదేపల్లి మార్కెట్ ముందర బస్తాలు దిగుతుంటాయి. ఆ రోజుల్లో షాపులోకి అడుగుపెడితే వాసన వేరేగా ఉంటుంది. పచ్చి పల్లి నమిలినప్పుడు వచ్చే వాసన.

అన్న నన్ను గుర్తుపట్టి అడిగాడు. "చెల్లె, నువ్వు యూట్యూబ్‌ల వంటలు చేస్తవ్ కదా. మా నూనె గురించి ఒక వీడియో చెయ్యి. ఐదు లీటర్ల డబ్బా ఇస్త."

నేను ఓవెన్ సంగతి మొత్తం చెప్పి, "ఒక్క వీడియో వద్దన్నా. సంవత్సరం చేద్దాం. డబ్బా వద్దు, పైసలియ్యి" అన్నాను.

"సంవత్సరమంటే భయమైతది చెల్లె. నూనె వ్యాపారం, పల్లి రేటు ఎప్పుడెట్ల ఉంటదో తెల్వదు."

వదిన గల్లాపెట్టె దగ్గర కూర్చుని వింటోంది. "మూడు నెలలు చూద్దాం. నచ్చితే మిగతా తొమ్మిది నెలలు కలుపుదాం" అంది. మా మూడేళ్లకు పునాది ఆ మాటే. మూడు నెలల ట్రయల్, తర్వాత ఏడాది కాగితం. ప్రతి ఫిబ్రవరిలో కొత్త పల్లీ వచ్చాక కూర్చుని తిరగరాసుకుంటాం. నెలల లెక్కన కాకుండా పంట లెక్కన, పండగ లెక్కన వీడియోలు. ఫిబ్రవరిలో కొత్త పల్లి, ఏప్రిల్, మేలో తొక్కు, దసరా దీపావళికి పిండివంటలు, జనవరిలో సకినాలు. మధ్యలో మామూలు వంటలు. నెలకు రెండు వీడియోలు, ఎనిమిది వేలు.

మొదటి వీడియోకు అన్న నాకు వాట్సాప్‌లో ఒక పేజీ పంపించాడు. పల్లి నూనెతో షుగర్ తగ్గుతుంది, గుండె జబ్బు రాదు, మోకాళ్ల నొప్పులు పోతాయి. నేను ఇవేవీ చెప్పనని చెప్పాను. నేను డాక్టర్‌ను కాను, ఆయనా కాదు. తిండి వస్తువు గురించి తప్పుదారి పట్టించే ప్రకటన ఇస్తే ఆహార భద్రత చట్టం కింద పది లక్షల దాకా జరిమానా ఉంది. ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం అమ్మేవాళ్లనే కాదు, చెప్పేవాళ్లను కూడా పట్టుకుంటుంది. మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. పైగా మొదటిసారికి ఏడాది, తర్వాత మూడేళ్ల దాకా ఏ వస్తువుకూ ప్రచారం చేయొద్దని ఆపొచ్చు. 2023 జనవరిలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నాలాంటివాళ్ల కోసం ఒక చిన్న మార్గదర్శి విడుదల చేసింది. డబ్బే కాదు, ఫ్రీగా వస్తువు తీసుకున్నా సరే ఆ సంగతి చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలని అందులో ఉంది. అన్నకు అది ఫోన్‌లో చూపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. "అయితే ఏం చెప్తం మరి?" అన్నాడు.

"ఎట్లా తీస్తావో అదే చెప్తా" అన్నాను.

అలా మొదటి వీడియో గానుగ దగ్గర తీశాం. గింజలు పోసిన దగ్గర్నుంచి నూనె దిగేదాకా. దాదాపు రెండున్నర కిలోల గింజలు ఆడితే కిలో నూనె వస్తుంది. మిగిలిన చెక్క పశువులకు పోతుంది. కొత్తగా దిగిన నూనె మసకగా ఉంటుంది, స్టీలు డ్రమ్ముల్లో రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కు దిగుతుంది. అప్పుడు పైనున్నది గుడ్డలో వడగట్టి సీసాల్లో పోస్తారు. ఈ లెక్క చూస్తే ఆ నూనె ఎందుకు అంత ధర ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. వీడియో మొదట్లోనే "ఇది ప్రకటన, ఈ షాపు నాకు డబ్బులు ఇస్తోంది" అని నోటితో చెప్పాను, తెలుగులో రాసి కూడా పెట్టాను. యాడ్‌ల ప్రమాణాలు చూసే ఆస్కి సంస్థ 2021లో పెట్టిన నిబంధన ప్రకారం రెండు నిమిషాలు దాటిన వీడియోలో ఆ వస్తువు మాట వచ్చినంతసేపూ ఆ రాత కనిపించాలి. కనిపించింది. ఏ వ్యూసూ తగ్గలేదు.

ఇప్పుడు వదిన పుస్తకం గురించి చెప్పాలి. ఈ షాపులో నాకు అన్నిటికంటే నచ్చినది అదే.

పొడుగు ఖాతా పుస్తకం. పెన్ను పోకుండా సుతిలి తాడుతో కట్టి ఉంటుంది. నూనె చేతులతో తిప్పీ తిప్పీ పేజీల అంచులు ఎంత పారదర్శకంగా అయిపోయాయంటే, వెనక పేజీ అంకెలు ముందుకు కనిపిస్తాయి. తేదీ, ఊరు, ఫోన్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు, ఎన్ని సీసాలు. నా వీడియో చూసి వచ్చినవాళ్లు 'రొట్టె' అని చెప్తే పది రూపాయలు తగ్గింపు, వాళ్ల వరుసలో "రొ" అని రాస్తుంది. మొదటి నెల 74 "రొ"లు వచ్చాయి. నేను ఎగిరి గంతేశాను. వదిన సంబరపడలేదు. పేజీ వెనక్కి తిప్పి, ఇంతకుముందు వచ్చిన నంబర్ మళ్లీ వస్తే దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టడం మొదలుపెట్టింది. రెండు నెలలు అయ్యేసరికి 19 సున్నాలు.

మూడు నెలల ట్రయల్ అయ్యాక కూర్చున్నప్పుడు వదినే మాట ఎత్తింది. "మొదటి సీసా నీ మాట విని కొంటరు. రెండోది నూనె చూసి కొంటరు. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పినవనుకో, రెండోసారి వస్తరు. లేకుంటే రారు. అందుకే మొదటి సీసాకు కమిషన్ వద్దు, రెండో సీసాకు పెట్టుకుందాం." నెల డబ్బులు కాక, ఎర్ర సున్నా పడిన ప్రతి సీసాకు నాకు 20 రూపాయలు.

నేను ఆ రాత్రి పడుకుని చాలాసేపు దాని గురించే ఆలోచించాను. నాకు తెలిసిన క్రియేటర్లందరికీ కూపన్ కోడ్ మీద వచ్చేది మొదటి అమ్మకానికే. అప్పుడు ఎంత గట్టిగా పొగిడితే అంత లాభం. తర్వాత కొన్నవాళ్లు తిట్టుకున్నా మనకు లెక్కలో తేడా రాదు. రెండో సీసా లెక్కలో అలా కుదరదు. నేను ఎక్కువ పొగిడితే నాకే నష్టం. షాపు నూనె పాడు చేస్తే షాపుకూ నాకూ ఇద్దరికీ నష్టం. పెద్ద కంపెనీల్లో ఇంతకంటే పెద్ద సాఫ్ట్‌వేర్లు ఉంటాయి, ఈ లెక్క కట్టడం వాళ్లకు చిటికెలో పని. మరి ఎందుకు కట్టరో నాకు నిజంగా అర్థం కాదు.

ఈ లెక్క వల్ల నా వీడియోలు మారాయి. ఉదాహరణకు నురుగు. గానుగ నూనె రిఫైన్ చేసింది కాదు కాబట్టి పిండివంటలు వేయించేటప్పుడు నురుగు పొంగుతుంది. సకినాలు వేస్తే కడాయి అంచుదాకా లేస్తుంది. తెలియనివాళ్లు కల్తీ అనుకుంటారు. అన్న ఈ సంగతి వీడియోలో చూపించొద్దన్నాడు, జనం భయపడతారని. నాకు మాత్రం, సంక్రాంతికి మొదటిసారి ఈ నూనెతో సకినాలు వేసి, పొంగు చూసి, పొయ్యి ఆర్పేసి, సీసా పక్కన పెట్టేసే చెల్లెళ్లే కళ్ల ముందు కనిపించారు. వాళ్లు రెండో సీసా కొనరు. అందుకని కడాయి సగానికి తక్కువ నూనె పోసి, వెడల్పాటిది తీసుకుని, ఒక్కో వాయికి రెండే సకినాలు వేసి, నురుగు ఎలా లేస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో దగ్గర్నుంచి చూపించాను. డీప్ ఫ్రై ఎక్కువగా చేసేవాళ్లకు ఈ నూనె సౌకర్యంగా ఉండదని కూడా చెప్పాను. ఆ జనవరిలో "నూనె కల్తీ" అని షాపుకు వచ్చే ఫోన్లు బాగా తగ్గాయని వదిన చెప్పింది. అంతకుముందు పండగ నెలలో రోజూ అదే పంచాయితీ అట.

2024 ఆగస్టులో అసలు పరీక్ష వచ్చింది. పులిహోర వీడియో కోసం కొత్త సీసా మూత తీశాను. ఏదో తేడా. ముక్కిపోయిన వాసన, చాలా సన్నగా. మా అత్తమ్మను పిలిచి వాసన చూడమన్నాను. ఆమెది గద్వాల వైపు, వాళ్ల ఇంట్లో పల్లి పండించేవాళ్లు, వాళ్లు బుడ్డలు అంటారు. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, "బుడ్డలు తడిసినయి" అంది. అంతే, ఇంకేమీ అనలేదు.

ఫోన్ చేశాను. ఇలాంటి ఫోన్ ఏజెన్సీకి చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అన్న మాత్రం, "షూటింగ్ ఆపు చెల్లె, నేనొస్తున్న" అన్నాడు. సాయంత్రం వచ్చి కుర్చీలో కూర్చోకుండానే నూనె అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ రుద్ది, వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ముఖం వాడిపోయింది. వారం కిందట వానలో గోదాము రేకు కారి కొన్ని బస్తాలు తడిశాయట. ఎండబెట్టి ఆడించామన్నాడు. తడిసిన పల్లీకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టే ప్రమాదం ఉంది. అది వాసనతో తెలిసేది కాదు, కంటికి కనిపించేది కాదు. వాసన వచ్చినా రాకున్నా తడిసిన గింజ గానుగలో పోయకూడదు. ఆ మాట నేను ఆయనతో గట్టిగానే అన్నాను. ఆయన ఎదురు మాట్లాడలేదు.

ఆ డ్రమ్ము నుంచి పోసిన సీసాలు 40 దాకా బయటికి పోయాయి. వదిన పుస్తకం తీసింది. తేదీలు, నంబర్లు అందులోనే ఉన్నాయి కదా. రాత్రి పదకొండు దాకా ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కరికే ఫోన్ చేశారు. వాడొద్దు, కొత్త సీసా పంపిస్తాం అని. డ్రమ్ములో మిగిలిన నూనె సబ్బులు చేసేవాళ్లకు ఇచ్చేశారు. నేను ఆ నెల నూనె వీడియోలు రెండూ చేయలేదు. మా కాగితంలో ఒక లైన్ ఉంది, సరుకు బాగాలేదని నాకు అనిపిస్తే వీడియో ఆపొచ్చు, తప్పు షాపుదైతే ఆ నెల డబ్బులు నాకు ఇవ్వాలి అని. ఐదో తారీఖున ఎనిమిది వేలూ పడ్డాయి. నేను తిరిగి పంపించాను. వదిన మళ్లీ వేసింది. "రాసుకున్నది రాసుకున్నట్టు ఉండాలె, లేకుంటే రేపు నువ్వు వద్దన్నప్పుడు నేను ఊరుకోను" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది.

సెప్టెంబర్‌లో "రొ"లు తొమ్మిదే వచ్చాయి. నా వీడియోలు లేవు, సరుకూ తక్కువే. అన్న దిగులుగా ఉన్నాడు. అక్టోబర్‌లో వదిన ఆ 40 నంబర్లలో ఎన్నింటికి సున్నాలు పడ్డాయో లెక్కపెట్టింది. 31. మిగతా తొమ్మిది మంది మళ్లీ రాలేదు. వాళ్లను నేను తప్పుపట్టను.

మంచి మాత్రమే చెప్తే రివ్యూ కాదు. ఈ షాపుతో నాకు బాగా బాధ కలిగిన రోజు ఒకటి ఉంది. రెండో ఏడు మొదట్లో జడ్చర్ల చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నా ఫొటో. వీడియోలోంచి తీసింది, రొట్టె తడుతున్నప్పుడు నవ్వుతున్న ఫొటో, మనిషి ఎత్తుంది. నన్ను ఎవరూ అడగలేదు. మా చిన్నమామ బస్సులో పోతూ చూసి ఫోన్ చేశాడు, "నీ ఫొటో చౌరస్తాల ఉందేంది బిడ్డా" అని. యూట్యూబ్‌లో కనిపించడం నేను ఎంచుకున్నది. చౌరస్తాలో దుమ్ములో, లారీల మధ్య, నాకు తెలియకుండా నా ముఖం వేలాడదీయడం నేను ఎంచుకున్నది కాదు. ఏడుపొచ్చింది. అన్నకు ఫోన్ చేసి అరిచాను. అల్లుడు చేయించాడు, మంచిదే అనుకున్నాం అన్నాడు. ఆ సాయంత్రమే దింపేశారు. అన్నా వదినా ఇంటికొచ్చి అత్తమ్మ ముందర తప్పైందన్నారు.

తప్పు నాది కూడా ఉంది. మా మొదటి కాగితం ఒకటే పేజీ. వీడియోలు ఎన్ని, డబ్బులెన్ని, అంతే. నా ఫొటో, నా గొంతు, నా వీడియో ముక్కలు షాపు ఎక్కడ వాడుకోవచ్చు, ఎన్నాళ్లు వాడుకోవచ్చు అన్నది రాసుకోలేదు. రెండో పేజీ ఆ వారమే పుట్టింది. ఫ్లెక్సీకి, పేపర్ యాడ్‌కి ముందు అడగాలి. వీడియో ముక్క వాళ్ల పేజీలో పెట్టుకోవచ్చు కానీ డబ్బులు పెట్టి యాడ్‌గా నడపాలంటే వేరే రేటు, మూడు నెలలే. ఒప్పందం అయిపోతే నా ముఖం ఉన్న లేబుళ్లు, స్టిక్కర్లు తీసేయాలి. చిన్న ఊళ్లలో క్రియేటర్లుగా ఉన్న ఆడవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే, డబ్బుల లైన్ కంటే ముందు ఈ లైన్ రాయించుకోండి.

ఇంకో గొడవ ఎక్స్‌క్లూజివ్ గురించి. మొదట అన్న వేరే ఏ తిండి బ్రాండ్‌తోనూ పనిచేయొద్దన్నాడు. వంటల ఛానెల్‌కు ఎనిమిది వేలిచ్చి అంత మాట రాయించుకుంటే నేను బతికేది ఎలా? బియ్యం వాళ్లు, మసాలాల వాళ్లు, పాత్రల వాళ్లు అందరూ పోతారు. నూనెల వరకే అని మార్చుకున్నాం. దానికి ఆయన ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది.

సర్వీసు గురించి చెప్పాలంటే, ప్యాకింగ్ ఇంకా బాగుపడాలి. పుణె, ముంబై పార్శిళ్లు కొరియర్‌లో, మన రాష్ట్రంలోవి ఎక్కువగా ఆర్టీసీ కార్గోలో పోతాయి. ఎండాకాలంలో మూత వదులై కారిన సీసాల ఫొటోలు నాకు ఇప్పటికీ వస్తుంటాయి. మార్చడం మారుస్తారు, కానీ వారం పడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో ఫోన్ ఎత్తరు, గానుగల దగ్గరే ఉంటారు. నా వీడియో బాగా పోయిన వారం స్టాక్ అయిపోతుంది. ముందే చెప్పమని ఎన్నిసార్లు చెప్పినా చివరి డ్రమ్ము అయ్యాకే చెప్తారు. అప్పుడు కామెంట్లలో మాటలు పడేది నేను.

కానీ ఆ కామెంట్లను వదిన చదువుతుంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం. "ఒక్కదాన్నే ఉంటా, లీటర్ సీసా రెండు నెలలైనా అయిపోదు" అని హైదరాబాద్ హాస్టల్‌లో ఉండే ఒక అమ్మాయి రాసింది. అలాంటివి ఇంకో ఐదారు కనిపించాక అర లీటర్ సీసా తెచ్చారు. ఇప్పుడు పుస్తకంలో ఎర్ర సున్నాలు ఎక్కువగా పడేది ఆ అర లీటర్ వరుసలోనే. ఆ అమ్మాయి మాట షాపుదాకా చేరవేయడం కూడా నా పనే అని నేను అనుకుంటున్నాను. ఓవెన్ కంపెనీ దాకా వనపర్తి ఆవిడ మాట చేరలేదు.

డబ్బుల విషయంలో మాత్రం ఒక్క మాట అనడానికి లేదు. మూడేళ్లలో ఐదో తారీఖు దాటలేదు. గుర్తుపెట్టుకోవాల్సిన ఇంకో విషయం, ఇది కూడా మా ఆడిటర్ చెప్పిందే. నాలాంటివాళ్లు ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న పరిశ్రమగా రిజిస్టర్ చేసుకుంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం మన పని తీసుకున్న కంపెనీ ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో డబ్బు కట్టాలి, దాటితే వడ్డీ కట్టాలి. నేను ఓవెన్ తర్వాత రిజిస్టర్ చేసుకున్నాను. ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు.

నూనె విషయానికొస్తే, తాలింపుకూ, పల్లి పొడికీ, తొక్కుకూ, వేడి జొన్న రొట్టె మీద కారంతో కలిపి రాసుకోవడానికీ దీనికంటే మంచిది నేను వాడలేదు. వేపుళ్లకు బాగుంటుంది. పిండివంటలకు ఓపిక కావాలి. ధర మామూలు రిఫైన్డ్ నూనె కంటే చాలా ఎక్కువ, నలుగురైదుగురు ఉన్న ఇంట్లో నెలంతా అన్నిటికీ ఇదే వాడడం అందరికీ కుదరదు. మా ఇంట్లో కూడా తాలింపులకే ఇది. ఈ మాట వీడియోలో కూడా చెప్పాను.

పోయిన వారం ఆదివారం నాలుగో ఏడాది కాగితం రాసుకున్నాం. నెలకు పదకొండు వేలు, రెండో సీసాకు 20 రూపాయలు అలాగే. గోదాము రేకులు మార్చిన రసీదు అన్న తనంతట తానే తెచ్చి చూపించాడు. వదిన కొత్త పుస్తకం తెరిచి, పాతదాని తాడు విప్పి దీనికి కట్టింది. వెళ్లేముందు నా చేతిలో రెండు నువ్వుల నూనె సీసాలు పెట్టింది, ఈ ఏడు అది కూడా మొదలుపెడుతున్నారట, దానికి కూడా వీడియోలు చేయమంది. ముందు వాడతానన్నాను. ఈరోజుకు పదకొండు రోజులైంది, తాలింపుకు బాగానే ఉంది. తొక్కు పెట్టి చూడాలంటే మామిడికాయ రావాలి. అందుకని ఆ సంతకం ఏప్రిల్ దాకా ఆగుతుందని వదినకు చెప్పాను. సరే అంది.